తొలి హాస్య ధారావాహిక పైలట్: చేతిలో లక్షా ఎనభై వేలు, చెన్నై సాలిగ్రామంలో ఒక పాత ఇల్లు. ఎక్కడ ఖర్చు పెట్టాలి?

ఆలస్యపు రైలు | నవంబరు 9

సభ్యులందరికీ నమస్కారం. మేము ముగ్గురు మిత్రులము. ఒకరిది నెల్లూరు, ఇద్దరిది చిత్తూరు జిల్లా. చెన్నైలో ఉద్యోగాలు చేసుకుంటూ మూడేళ్లుగా సెలవు రోజుల్లో లఘుచిత్రాలు తీస్తున్నాము. ఇప్పుడు తెలుగు చానెళ్లకు చూపించడానికి అరగంట హాస్య ధారావాహిక పైలట్, అంటే నమూనా మొదటి భాగం, ఒకటి తీయాలని నిశ్చయించుకున్నాము. చేతిలో ఉన్నది లక్షా ఎనభై వేల రూపాయలు. జీతాల్లోంచి మిగుల్చుకున్న సొమ్ము కాబట్టి, పోతే మళ్లీ కూడబెట్టడానికి ఏడాదిన్నర పడుతుంది.

కథ ఇది. ఒకప్పుడు మద్రాసులో సినిమా కంపెనీల చుట్టూ తిరిగి, ఏమీ కాలేక ఊరికి వెళ్లిపోయిన తాతగారు తన మనవడిని సినిమా రచయితను చేయాలని చెన్నై రైలెక్కిస్తారు. తెలుగు పరిశ్రమ ఏనాడో హైదరాబాదుకు తరలిపోయిందని ఆ కుర్రాడికి తెలియదు. సాలిగ్రామంలో అతను అద్దెకు దిగిన ఇంట్లోనే ఒక మాజీ సహాయ దర్శకుడు ఉంటారు. సాయంత్రానికి కంపెనీ కారు వస్తుందని ఆయన ముప్పై ఏళ్లుగా ఇస్త్రీ చొక్కా తొడుక్కుని అరుగు మీద కూర్చుంటున్నారు. తెలుగు అర్థమైనా కానట్టు నటించే తమిళ ఇంటి యజమానురాలు మూడో పాత్ర.

నాలుగు రోజుల చిత్రీకరణ అనుకుంటున్నాము. మంచి సినిమా కెమెరాకూ లెన్సులకూ డెబ్బై వేలు కేటాయించాము. ఇల్లు మా మిత్రుడిది, అద్దె లేదు. మాటలు తరువాత డబ్బింగ్ చెప్పించుకుందామని ఆలోచన. నాలుగు పేజీల సంభాషణలు జతచేస్తున్నాను. ఈ లెక్క సరైనదేనా అన్నది అనుభవమున్నవారు చెప్పగలరు.

పాత కాల్షీట్ | నవంబరు 9

నేను తొంభైలలో కోడంబాక్కంలో సహాయ దర్శకుడిగా, ఆ తరువాత దినసరి ధారావాహికలకు కో-డైరెక్టరుగా పనిచేశాను. మీ అరుగు మీది పాత్రను చదివి కొంచెం నొచ్చుకున్నాను, చాలాసేపు నవ్వుకున్నాను.

కెమెరా సంగతి ఇతరులు చెబుతారు. నేను కథ దగ్గరే ఆగుతాను, ఎందుకంటే మీరు రాసినది పైలట్ కాదు, లఘుచిత్రం. లఘుచిత్రం పూర్తయితే చాలు. పైలట్ మాత్రం పూర్తి కాకూడదు. దానిని చూసే చానెల్ మనిషి ఆ అరగంట బాగుందా అని మాత్రమే చూడడు, ఇదే ఇంట్లో, ఇదే మనుషులతో పదమూడో వారం ఏమి జరుగుతుందో తనకు కనిపిస్తోందా అని చూస్తాడు. దూరదర్శన్ కాలంలో ధారావాహికలకు అనుమతి పదమూడు భాగాల చొప్పున వచ్చేది కాబట్టి ఆ అంకె మా తరం నోట నిలిచిపోయింది. 2001లో జెమినీలో మొదలైన ‘అమృతం’ చూడండి: ఒక హోటలు, దానిని నడపలేని ఇద్దరు స్నేహితులు, తల మీద ఇంటి ఓనరు. 2007 దాకా నడిచిందంటే ఆ అమరికలోనే వారానికొక తగాదా పుట్టే ఏర్పాటు ఉన్నది.

మీ కథలో ఆ ఏర్పాటు లేదు. పరిశ్రమ ఇక్కడ లేదని కుర్రాడికి తెలిసిన క్షణంలో కథ అయిపోతుంది. పైగా చేతిలో ఫోను ఉన్న ఏ కుర్రాడికి ఈ సంగతి తెలియదు? దీనిని తిరగేసి చూడండి. కుర్రాడికి అన్నీ తెలుసు, తెలియనిది తాతగారికి. ఆయన ప్రతి నెలా పింఛనులోంచి డబ్బు పంపుతూ, ఏ కంపెనీలో చేరావు, ఎవరిని కలిశావు అని ఫోనులో అడుగుతుంటారు. ఆ పెద్దమనిషి మనసు విరిచే ధైర్యం లేక కుర్రాడు వారానికొక అబద్ధం ఆడాలి, దానికి ఆ ఇంటిల్లిపాదీ సాయపడాలి.

కె.ఆర్.పురం నుంచి | నవంబరు 10

నేను బెంగళూరులో ఉంటూ ఇద్దరు మిత్రులతో ఒక చిన్న వెబ్ ధారావాహిక తీసి చేతులు కాల్చుకున్నవాడిని. మాకు పట్టిన జబ్బే మీకూ పడుతుందేమోనన్న భయంతో రాస్తున్నాను: సినిమా వాళ్ల గురించి సినిమా పిచ్చివాళ్లు తీసేది సినిమా పిచ్చివాళ్లకే నచ్చుతుంది.

‘ఇట్స్ ఆల్వేస్ సన్నీ ఇన్ ఫిలడెల్ఫియా’ అనే అమెరికన్ హాస్య ధారావాహిక పుట్టుక మీకు తెలిసే ఉంటుంది. పేరు లేని నటులు కొందరు చిన్న వీడియో కెమెరాతో, తమ ఇళ్లలోనే, దాదాపు ఖర్చు లేకుండా తీసుకున్న పైలట్ అది. ఒకడు పంచదార అప్పు అడగడానికి మిత్రుడి ఇంటికి వెళతాడు, ఆ మిత్రుడు తనకు క్యాన్సర్ అని చెబుతాడు, వచ్చినవాడికి మాత్రం పంచదార ఎప్పుడు చేతికి వస్తుందా అన్నదే బాధ. దీనికి కెమెరా ఏదైనా ఒకటే. ఎఫ్ఎక్స్ చానెల్ దానిని తీసుకుని 2005లో ప్రసారం మొదలుపెట్టింది. అయితే మొదట ఆ పాత్రలు లాస్ ఏంజెలిస్‌లో అవకాశాల కోసం తిరిగే నటులు. అటువంటి కథలు అప్పటికే ఎక్కువయ్యాయని చానెల్ అభ్యంతరం చెబితే, కథను ఫిలడెల్ఫియాలోని ఒక బారుకు మార్చారు. మీకూ అదే మాట ఎదురు కావచ్చు. సమాధానం ఇప్పుడే సిద్ధం చేసుకోండి.

బూమ్ కర్ర | నవంబరు 10

శబ్దగ్రహణం నా వృత్తి, కాబట్టి పక్షపాతంతోనే రాస్తున్నానని ముందే ఒప్పుకుంటాను. కెమెరాకు డెబ్బై వేలు, మాటకు సున్నా అని మీ లెక్క చెబుతోంది. మసక బొమ్మను ప్రేక్షకుడు క్షమిస్తాడు గానీ, వినబడని మాటకు నవ్వడు. డబ్బింగ్ చౌక అనుకోవడం పొరపాటు. స్టూడియోకు గంటల లెక్కన కట్టాలి, ఉద్యోగాలు చేసుకునే నటులను మళ్లీ పోగుచేయాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, అలవాటు లేని నటుడు చిత్రీకరణ రోజున ఎదుటివాడి ముఖం చూసి అన్న మాటను, మూడు వారాల తరువాత చీకటి గదిలో తన పెదవులను తానే చూసుకుంటూ మళ్లీ అదే ఊపుతో అనలేడు.

కెమెరా పద్దులోంచి ముప్పై వేలు తీసి, నాలుగు రోజులకు ఒక శబ్దగ్రాహకుడిని, ఒక బూమ్ మైకును (పొడవాటి కర్ర చివర తగిలించేది), రెండు కాలరు మైకులను మాట్లాడుకోండి. మైకులు అద్దెకు తెచ్చుకునే ముందే ఆ ఇంట్లో ఒక పూట ఊరికే కూర్చుని కళ్లు మూసుకుని వినండి. సాలిగ్రామం అంటున్నారు కాబట్టి ఆర్కాట్ రోడ్డు ఎంత దూరంలో ఉంది, పక్కింటి బోరు మోటారు ఎన్ని గంటలకు వేస్తారు, కుక్కరు కూతలు ఎప్పుడు మొదలవుతాయి అన్నది రాసుకుని దానిని బట్టి సన్నివేశాల వరుస వేసుకోండి. పాత ఇళ్ల మొజాయిక్ నేల, బోసి గోడలు మాటను గిన్నెలో వేసి మోగించినట్టు చేస్తాయి. కెమెరాకు కనబడని వైపంతా బొంతలు, దుప్పట్లు, పరుపులు కప్పండి. అద్దె ఉండదు, అమ్మ తిట్లు మాత్రం ఉంటాయి.

ఫ్యాను ఆపాలి, ఫ్రిజ్ ఆపాలి. ఫ్రిజ్ ఆపినవాళ్లు తిరిగి వేయడం మరిచిపోయి ఇంటివాళ్ల పాలు విరిచేయడం మా వృత్తిలో పరిపాటి కనుక, బండి తాళంచెవిని ఫ్రిజ్‌లోనే పెట్టండి. తాళం లేనిదే ఇంటికి పోలేరు, పోబోయే ముందు ఫ్రిజ్ గుర్తుకొస్తుంది. ప్రతి గదిలోనూ పని ముగిశాక అందరినీ కదలకుండా నిలబెట్టి, అర నిమిషం ఉత్త నిశ్శబ్దాన్ని రికార్డు చేసుకోండి. కూర్పులో మాటల మధ్య అతుకులు వేయడానికి అది లేకపోతే మీ ఎడిటర్ మిమ్మల్ని శపిస్తాడు. కత్తిరి ఎండల్లో మాత్రం ఈ పని పెట్టుకోకండి. ఫ్యాను లేకుండా మూడో టేకుకే చొక్కాలు తడిసి కంటిన్యుటీ (ముందు తీసిన షాటుతో పొంతన) పోతుంది.

పాత కాల్షీట్ | నవంబరు 11

బూమ్ కర్ర గారితో సగమే ఏకీభవిస్తాను. మేము వందల భాగాలు డబ్బింగ్‌తోనే ప్రసారం చేశాము, ఎవరూ చెవులు మూసుకోలేదు. అయితే అది ఎందుకు సాగిందో చెప్పాలి. దినసరి ధారావాహికలో నటుడికి సంభాషణ కంఠతా పట్టే వ్యవధి ఉండదు. కెమెరా పక్కన నిలబడి సహాయ దర్శకుడు ముక్క ముక్కగా ప్రాంప్టింగ్ అందిస్తాడు, నటుడు విని అంటాడు. ఆ గొంతు కూడా రికార్డులో పడుతుంది కాబట్టి డబ్బింగ్ తప్పదు. ఏడుపు సన్నివేశంలో ఆ మధ్య విరామం దుఃఖంలా కనిపిస్తుంది. హాస్యంలో అదే విరామం మరుపులా కనిపిస్తుంది. కాబట్టి సింక్ సౌండ్, అంటే చిత్రీకరణ సమయంలోనే మాటలు రికార్డు చేయడం, పెట్టుకునేటట్టయితే నటులకు కనీసం పది రోజులు రిహార్సల్ ఉండాలి. అది లేకుండా మైకులు అద్దెకు తెచ్చుకుంటే తడబాటును స్పష్టంగా రికార్డు చేసుకోవడమే అవుతుంది.

బూమ్ కర్ర | నవంబరు 11

ఒప్పుకుంటున్నాను. రిహార్సల్‌కు టీ ఖర్చు తప్ప ఏమీ కాదు కదా.

మైలాపూరు ముందువరుస | నవంబరు 12

మీ నాలుగు పేజీలూ చదివాను. మీకు పాత్రలు తెలుసు, మాట పడే చోటు మాత్రం ఇంకా దొరకలేదు. ఒక్క ఉదాహరణ తీసుకుంటాను. కుర్రాడు “వడపళనిలో పెద్ద నిర్మాతగారు ఉన్నారని మా తాతయ్య చిరునామా ఇచ్చారండీ” అంటాడు. దానికి సహాయ దర్శకుడి జవాబు మీ ప్రతిలో ఇలా ఉంది: “ఆయన చనిపోయి చాలా కాలమైంది బాబూ, ఆ ఇంటి హాల్లో గోడకి ఫొటో తగిలించి ఉంటుంది.”

ఇందులో నవ్వు ఉంది, కాని రెండో మాటకే దానిని చంపేశారు. ‘చనిపోయి’ అనగానే విషయం తెలిసిపోయింది, ఆ తరువాత పది మాటలు దాని వెంట పాడె మోస్తున్నట్టు నడిచాయి. తెలుగు వాక్యానికి క్రియ చివర వస్తుంది. రాసుకుంటూ పోతే నవ్వు పుట్టించే మాట నడుమ ఎక్కడో మునిగి, ‘ఉంటుంది’, ‘చేశాడు’ వంటి క్రియ మీద వాక్యం ఆగుతుంది. మాట్లాడే తెలుగులో మాత్రం ఏ మాటనైనా క్రియకు అవతలికి లాక్కోవచ్చు. ఆ వెసులుబాటే హాస్య రచయితకు ఆస్తి. ఇలా అని చూడండి:

“ఉన్నారు బాబూ. హాల్లోనే ఉన్నారు. గోడకి.”

మొదటి రెండు వాక్యాలు లీడ్, అంటే నవ్వుకు దారి తీసే మాటలు. అవి కుర్రాడికి ఆశ పెడతాయి, చూసేవాడిని కూడా అతని వెంట నడిపిస్తాయి. చివరి ఒక్క మాటతో ఇద్దరూ పడతారు. ‘చనిపోవడం’ అన్న మాటే రాలేదు.

మరొక మాట. చెన్నైలో ఉంటూ సభా నాటకాలు (ఇక్కడి సాంస్కృతిక సభలు వేయించే తమిళ నాటకాలు) చూడకపోతే నష్టం మీదే. క్రేజీ మోహన్ వంటివారు తమిళ రంగస్థలం మీద ఒకే హాస్య నాటకాన్ని వందల సార్లు ప్రదర్శించారు. అన్ని రాత్రులు ఆడిన మాటలో నవ్వు ఎన్ని క్షణాలు నిలుస్తుందో నటుడికి ఒళ్లంతా తెలిసిపోతుంది. మీకు అన్ని రాత్రులు లేవు కాబట్టి మేడ మీద చాపలు పరిచి, మీకు మొహమాటపడని పది మందిని పిలిచి, మొత్తం ప్రతిని నటుల చేత గట్టిగా చదివించండి. నవ్వారో లేదో పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి. తరువాత వచ్చి ‘చాలా బాగుంది’ అనేవారి మాట పట్టించుకోకండి.

కత్తెర పని | నవంబరు 14

ముందు నిడివి. కేబుల్ టెలివిజన్ నియమాల ప్రకారం గంటకు పన్నెండు నిమిషాలకు మించి ప్రకటనలు ఉండకూడదు: పది నిమిషాలు వాణిజ్య ప్రకటనలు, రెండు నిమిషాలు చానెల్ సొంత ప్రచారం. అంటే అరగంట స్లాటులో మీకు మిగిలేది ఇరవై నాలుగు నిమిషాలు. టైటిళ్లతో కలిపి ఇరవై రెండుకు కట్టండి. విరామానికి ముందు వచ్చే సన్నివేశం ముడిపడాలి గాని విడిపోకూడదు. పేజీకి ఒక నిమిషం అన్న లెక్క మన సంభాషణలకు సరిపోదు, మేడ మీద చదివేటప్పుడే గడియారం పెట్టుకోండి.

ఇక కెమెరా. ఒక ఖరీదైన కెమెరాకు బదులు ఒకే మోడల్ మామూలు కెమెరాలు రెండు తీసుకోండి. మోడల్ వేరైతే చర్మం రంగులు కలపడానికే నాకు వారం పడుతుంది. రెండు ఎందుకంటారా? ముందువరుస గారు చెప్పిన “గోడకి” అన్న మాట తరువాత నాకు కావలసినది కుర్రాడి ముఖం. చెప్పినవాడి ముఖం మీద ఉంటే అది జోకు. విన్నవాడి ముఖం మీదికి వెళితే కథ. ఒకే కెమెరాతో తీస్తే ఆ ముఖాన్ని గంట తరువాత విడిగా తీస్తారు, అప్పటికి ఆ కుర్రాడు భోజనం చేసి వచ్చి ఉంటాడు. రెండు ఏకకాలంలో తిరిగితే అప్పుడే, ఆ మాట విన్నప్పుడే పట్టుబడుతుంది. కట్ చెప్పే ముందు మనసులో మూడు లెక్కపెట్టమని మీ దర్శకుడికి చెప్పండి. కూర్పులో నవ్వుకు చోటు ఆ మూడంకెల్లోనే దొరుకుతుంది.

రెండు కెమెరాలకూ ఒకే వెలుగు సరిపోవాలి కాబట్టి ముఖానికొక లైటు అని విడదీయకుండా గదంతా సమంగా నింపండి. 1951లో ‘ఐ లవ్ లూసీ’ అనే అమెరికన్ హాస్య ధారావాహికను మూడు ఫిల్మ్ కెమెరాలతో ప్రేక్షకుల ముందు తీసినప్పుడు ఛాయాగ్రాహకుడు కార్ల్ ఫ్రాయిండ్ చేసినది ఇదే. మీకు పైకప్పు మీదికి కొట్టిన రెండు లైట్లు, నాలుగు థర్మోకోల్ షీట్లు చాలు. సెకనుకు ఇరవై ఐదు ఫ్రేములు, షటర్ 1/50 పెట్టుకోండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 1/60 పెడితే పాత ట్యూబులైట్ల కింద బొమ్మ మీద పట్టీలు పాకుతాయి. రోజు ముగిసేసరికి రెండు వేర్వేరు డిస్కుల్లో ప్రతులు ఉండాలి, ఆ రెండూ ఒకే సంచిలో ప్రయాణం చేయకూడదు.

కోర్టు కాగితం | నవంబరు 15

క్లుప్తంగా రాస్తాను. ఇతివృత్తానికి హక్కు ఉండదు, రాసిన రూపానికే ఉంటుంది; కాబట్టి చానెల్‌కు చూపించే ముందు పూర్తి ప్రతిని కాపీరైట్ కార్యాలయంలో సాహిత్య రచనగా నమోదు చేసుకోండి, రుసుము 500 రూపాయలు. ఎవరికైనా హక్కులు రాసిచ్చేటప్పుడు 1957 నాటి కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ గుర్తుంచుకోండి. బదలాయింపు రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. గడువు రాయకపోతే ఐదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం మటుకే అని అర్థం. నటులందరి చేతా సమ్మతి పత్రాలు తీసుకోండి. పాత్ర ఫోను సినిమా పాటతో మోగకూడదు, దానికి విడిగా అనుమతి కావాలి. అన్నిటికన్నా ముందు మీ ముగ్గురూ ఒక కాగితం రాసుకోండి. స్నేహితులమే కదా అనే వాళ్లే నా దగ్గరికి ఎక్కువగా వస్తారు.

ఆలస్యపు రైలు | నవంబరు 16

అందరికీ కృతజ్ఞతలు. డెబ్బై వేల కెమెరాను వదులుకుందామంటే మా ఛాయాగ్రాహకుడు రెండు రోజులు మాతో మాట్లాడలేదు, అయినా వదులుకున్నాము. పాత కాల్షీట్ గారి సలహాతో కథ తిరగేశాము. ఇప్పుడు మొదటి భాగంలో తాతగారి కోరిక ఒక్కటే: “ఆ నిర్మాతగారితో ఫొటో దిగి పంపు.” కుర్రాడు గోడకున్న పటం పక్కన నిలబడి, దండ కనబడకుండా సెల్ఫీ తీసుకోవాలి. దండ పెద్దది. పక్కన ఆ ఇంటివాళ్లు కాఫీ పట్టుకుని నిలబడి ఉంటారు. కె.ఆర్.పురం గారి ప్రశ్నకు మా సమాధానం: ఇది సినిమా గురించి కాదు, ఇంటికి నిజం చెప్పలేని కుర్రాడి గురించి.

ఆలస్యపు రైలు | మార్చి 3

ఫిబ్రవరిలో చిత్రీకరణ ముగించాము. ఖర్చు లక్షా డెబ్బై నాలుగు వేలు, అందులో భోజనాలకే ఇరవై ఆరు వేలు అయింది. ఇది మా లెక్కలోనే లేదు. మేడ మీద పదకొండు మంది ముందు చదివినప్పుడు ప్రతి నలభై ఒక్క పేజీలు, ముప్పై ఆరు నిమిషాలు. మాకు అన్నిటికన్నా ఇష్టమైన బస్టాండు సన్నివేశానికి ఒక్కరూ నవ్వలేదు, దానిని తీసేశాము. “గోడకి” దగ్గర మాత్రం ఒకాయన చేతిలో టీ ఒలకబోసుకున్నారు.

మొదటి రోజు సగం పోయింది. పక్కింటి బోరు మోటారు వేళలు రాసుకున్నాము గాని, ఎదురింటికి నీళ్ల లారీ వస్తుందని తెలియదు. గొట్టం పెట్టి సంపు నింపడానికి యాభై నిమిషాలు పట్టింది. ఆ సమయంలో మాటలు లేని సెల్ఫీ దృశ్యాలు తీసుకున్నాము. యజమానురాలి పాత్రకు తమిళ నాటకాల్లో వేసే ఒక పెద్దావిడ దొరికారు. తెలుగు అర్థం కానట్టు నటించాలి అంటే, “నిజంగానే అర్థం కాదు, నటించనక్కర్లేదు” అన్నారు తమిళంలో. తీరా చూస్తే ఆమె జవాబులన్నీ సరిగ్గా సమయానికే పడ్డాయి.

రెండు చానెళ్లకు చూపించాము. ఒక చోట తొమ్మిది నిమిషాలు చూసి, ఫోను రావడంతో లేచి వెళ్లారు. రెండో చోట పూర్తిగా చూసి నవ్వారు, ఆ తరువాత స్లాటుకు మీరే డబ్బు కట్టి ప్రకటనలు అమ్ముకోగలరా అని అడిగారు. నెల్లూరు మిత్రుడు స్పాన్సర్ల కోసం తిరుగుతున్నాడు. ఈలోగా మిగతా పన్నెండు భాగాల సారాంశాలు, ఒక్కో పేజీ చొప్పున, రాస్తున్నాము, ఎనిమిది అయ్యాయి. పైలట్ లంకెను సభ్యులకు విడిగా పంపాను.

పాత కాల్షీట్ | మార్చి 4

స్లాటు కొనకండి. ప్రకటనల అమ్మకం వేరే వృత్తి, దానిలో దిగి ఇల్లు అమ్ముకున్న నిర్మాతలను నేను ఎరుగుదును. చానెలే డబ్బిచ్చి తీయించుకునే పద్ధతిలో ఎవరు తీసుకుంటారో వారి దగ్గరికే వెళ్లండి. కాలహరణం అవుతుంది, అవనివ్వండి. అరుగు మీది ఆయన చొక్కా మడత బాగా కుదిరింది.

బూమ్ కర్ర | మార్చి 4

రెండుసార్లు విన్నాను. మాటలు చక్కగా ఉన్నాయి. పద్నాలుగో నిమిషంలో వంటింటి సన్నివేశం మధ్యలో సన్నటి గూయిమనే చప్పుడు మొదలై చివరిదాకా ఉంది. అది ఫ్రిజ్. తాళంచెవి పెట్టలేదా?

ఆలస్యపు రైలు | మార్చి 4

పెట్టాము. స్కూటరు తాళం, పెరుగు గిన్నె పక్కన. మధ్యాహ్నం మా మిత్రుడి అమ్మగారు పెరుగు కోసం ఫ్రిజ్ తెరిచి, పిల్లలు మతిపోయి తాళం ఇక్కడ పెట్టారని దానిని గుమ్మం పక్క మేకుకు తగిలించి, ఫ్రిజ్ కూడా ఎవరో ఆపేశారని స్విచ్చి వేసి వెళ్లారు. ఆ అర నిమిషం నిశ్శబ్దం మా దగ్గర ఉంది. దానితో ఏమైనా సరిచేయవచ్చునా?

బూమ్ కర్ర | మార్చి 5

ఆ నిశ్శబ్దం ఫ్రిజ్ వేయకముందు తీసినదా, వేసిన తరువాత తీసినదా? రెండూ ఉంటే పంపండి, ఆదివారం కూర్చుని చూస్తాను.